నీళ్ళెంబడి పోదామన్న అన్న

ఖతర్‌లో నది లేదు. అల్ ఖోర్ దగ్గర సముద్రమే ఎడారిలోకి చొచ్చుకొచ్చి మడ చెట్ల మధ్య పాయలుగా చీలుతుంది. ఆ శుక్రవారం అక్కడికి పడవలు నడపడానికి పోయాం. ఒక పడవలో నేను, మా క్రేన్ ఆపరేటర్ అన్న. ఇంకో పడవలో, కారు తెచ్చిన హైదరాబాదీ దోస్తు. అతను దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు, మా సైట్‌తో సంబంధం లేదు. అన్న పైన క్రేన్ నడిపితే కింద బరువులకు తాళ్ళు కట్టేది నేను. నన్ను ఆ పనిలో పెట్టించిందీ అన్నే.

తిరుగు దారిలో పాయలన్నీ ఒక్క తీరుగానే కనిపించాయి. దోస్తు ముందుకు పోయి మలుపు దాటేశాడు. అన్నది గోదావరి ఒడ్డు ఊరు. తెడ్డుతో ప్రవాహం చూపించి, "నీళ్ళు యాడికి పోతయి? సముద్రంలకే గదా! నీళ్ళెంబడి పోదాం," అన్నాడు.

"ఇది గోదారి కాదన్నా. పోటు మీదుంటే నీళ్ళు లోపలికే వస్తయి."

"తాతకు దగ్గులు నేర్పుతున్నవా?" అని నవ్వాడు.

ఆయన మాట కాదనడం నాకు అలవాటు లేదు. పోటు మమ్మల్ని చెట్ల గుబురులోకి తీసుకుపోయింది. తెడ్డు వేర్లకు తగిలేంత ఇరుకయ్యాక గానీ ఆయన ఒప్పుకోలేదు.

పడవ తిప్పి నీళ్ళకు ఎదురు పోవడం మొదలుపెట్టాం. తిండి వేళ ఎప్పుడో దాటింది. ముందు కూర్చున్న అన్న కుడి అంటే ఎడమ వేస్తున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. "సోయి ఉన్నదా అన్నా?" అని కసిరాను. వెనక్కి తిరిగి, నేనెవరో ఎరగనట్టు చూసి, పచ్చి బూతు తిట్టాడు. ఎన్నడూ పల్లెత్తు మాట అననివాడు! ఆ వెంటనే తెడ్డు వదిలేసి పక్కకు ఒరిగాడు. ఒక చేత్తో కొమ్మ, ఇంకో చేత్తో ఆయన లైఫ్ జాకెట్ పట్టుకుని గొంతు చించుకుని అరిచాను. అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు.

దోస్తు వెనక్కి వచ్చాడు. చూడగానే, "షుగర్ డౌన్ అయింది భాయ్. మా అబ్బాకు గిట్లనే అయితది," అని జేబులోని ఖర్జూరాలు గింజ తీసి, నలిపి, కొంచెం కొంచెంగా నోట్లో పెట్టాడు. కాసేపటికి అన్న చూపు కుదురుకుంది. "పొద్దుగాల సూది తీస్కొని ఏం తినలేదా అన్నా?" అని దోస్తు మామూలుగా అడిగాడు. అన్న తలూపాడు. ఒకే క్యాంప్‌లో ఉంటున్నా ఆ ఇన్సులిన్ సూది సంగతి నాకు తెలియదు.

ఒడ్డు చేరాక, దోస్తు కారు తేవడానికి పోగానే అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "కంపెనీల ఎవ్వలకు చెప్పకు తమ్మీ. తెలిస్తే క్రేన్ ఎక్కనియ్యరు. ఇంటికి పంపుతరు."

"పైన గిట్ల అయితే?"

"బిస్కెట్లు పెట్టుకుంట."

బిస్కెట్లు ఆ రోజూ తెచ్చాడు. కారులో మరిచిపోయాడు. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. ఇక్కడ పోయేది కింద నిలబడ్డవాళ్ళ ప్రాణం. కోపం వచ్చింది, జాలీ వేసింది. సరే అనలేదు, కాదనలేదు.

మర్నాడు డ్యూటీలో అన్న ఎప్పటిలాగే క్రేన్ ఎక్కాడు. ఇనుప చువ్వల కట్టకు తాడు బిగించి కొక్కేనికి తగిలించాను. నేను చెయ్యెత్తితేనే ఆపరేటర్ బరువు లేపాలి. కట్ట చుట్టూ మనవాళ్ళు ఏదో జోకుకు నవ్వుకుంటున్నారు. నా చెయ్యి లేవలేదు.

"ఎత్తు తమ్మీ," అంది వాకీటాకీ. కొంచెం ఆగి, "ఎత్తు, సూపర్‌వైజర్ వస్తుండు."

"నువ్వు దిగన్నా," అన్నాను. ఏడుపొచ్చేసింది. "లేకుంటే ఆయనకు నేనే చెప్త."

పైన క్యాబిన్ తలుపు తెరుచుకుంది. అన్న నిచ్చెన దిగాడు. నా ముఖం చూడకుండానే నన్ను దాటిపోయి, సూపర్‌వైజర్ ఎదుట నిలబడి, "సాబ్, ముఝే షుగర్ హై," అన్నాడు.