పక్కకు ఒరిగిన మాటలు

మధ్యాహ్నంలోగా నా నవల ప్రెస్సుకు వెళ్లాలి. ఆయన సరేనంటేనే వెళ్లాలి.

ఆయన పెడనలో కలంకారీ అద్దకం చేసే పెద్దాయన. నేను బాబాయ్ అంటాను. నవలలో సగం ఆయన జీవితమే, సంభాషణలన్నీ ఆయన నోటి నుంచి రాసుకున్నవే. నచ్చకపోతే పుస్తకం ఆపేస్తానని మాటిచ్చాను. నచ్చకపోవడం ఏమిటన్న ధీమా నాకు లోపల ఉంది, దాచుకోవడమెందుకు?

ప్రూఫు కాగితాలు పట్టుకుని పొద్దున్నే మచిలీపట్నంలో బస్సెక్కాను. ఆయన చేతులు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, అద్దకం బల్ల పక్కన నిలబడే చదవసాగారు. రెండో పేజీలో ఆగిపోయారు.

"ఇక్కడ అచ్చు జారిందేంటమ్మా?"

ఆయన వేలు 'డిజైన్' మీద ఉంది. తర్వాత 'ఆర్డర్', ఆ తర్వాత 'డ్యామేజీ'. ఇంగ్లీషు మాటలు విడిగా తెలియాలని వాటిని వాలు అక్షరాల్లో పెట్టించింది నేనే. ఆ మాటే చెప్పాను, కాస్త గొప్పగానే. ఆయనేమో చెక్క అచ్చు రవ్వంత ఒరిగినా ఆ గుడ్డను మూలన పడేసే మనిషి. పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పసాగారు. పబ్లిషర్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. కట్ చేశాను.

"నువ్వు కథ చెప్పే చోట బస్సుంది, ఫోనుంది. అవి ఇంగ్లీషు కాదా?"

"ఇంగ్లీషే బాబాయ్."

"మరవి నిటారుగా నిలబడ్డాయేం? నేను నోరు విప్పినప్పుడే ఒరిగిపోయాయి. నీవి మంచి గుడ్డ, నావి డ్యామేజీ. అంతేగా?"

తల కొట్టేసినట్టయింది. ఆయన్ని తక్కువ చేయాలని అనుకోలేదు, నిజమే. కానీ ఇన్ని నెలలు ఆ పేజీలు చూస్తూ కూడా ఆ సంగతి నా కంటికి ఆనలేదు. అందుకే నా మీద నాకే ఒళ్లు మండింది.

బాబాయ్ ఎదుటే పబ్లిషర్‌కు ఫోన్ చేసి ప్రెస్సు ఆపమన్నాను. అతను నోటికొచ్చినట్టు తిట్టాడు, పడ్డాను.

వారం తర్వాత కొత్త ప్రూఫులతో వెళ్లాను. ఒక్క మాటా వాలి లేదు. బాబాయ్ పూర్తిగా చదివేదాకా నేను బల్ల పక్కనే నిలబడ్డాను.

"పంపించుకో" అన్నారు చివరికి. "పాతవి ఇటివ్వు."

ఇచ్చాను. వాటిని తీసుకెళ్లి మూలనున్న డ్యామేజీ గుడ్డల మీద పెట్టారు.

"ఇక్కడే ఉంటాయమ్మా. ఇంకో పుస్తకం రాసేముందు ఒకసారొచ్చి చూసుకో."