నా నౌకరి కోసం బాపు ఆడిన కిస్మత్ ఆట

ప్రతి మనిషికీ సిగ్గంటే ఏమిటో తెలియని రోజులు కొన్ని ఉంటాయి. నాకు ఆ రోజులు కరీంనగర్‌లో డిగ్రీ చివరి ఏడాదిలో మొదలై, చెప్పాపెట్టకుండా ఇంకో ఏడాదిన్నర ఉండిపోయాయి. మాది చొప్పదండి పక్కన చిన్న పల్లె. బాపు మస్కట్‌లో బిల్డింగుల పనికి పోయాడు. ఇక్కడ పొలమూ బర్రెలూ అవ్వ, అంటే మా అమ్మ, చూసుకునేది. నేను ఏం చూసుకునేవాణ్ణంటే, రోజూ బస్సు పాసు మీద కరీంనగర్ వెళ్లి, వెనక బెంచీలో కూర్చుని, ఫోన్‌లో రాకాసుల యుద్ధాలు చూసుకునేవాణ్ణి. (అవ్వ మాత్రం "మా పోరడు కంప్యూటర్ సదువుతుండు, కండ్లు గుంజుక పోతున్నయ్" అని వాడకట్టంతా చెప్పుకునేది. కళ్లు పోతున్న మాట వరకు నిజమే.)

ఆ ఆట ఒక సైటులో ఉండేది. అందులో రకరకాల పందేలు. చాలావాటికి బుర్ర కావాలి కాబట్టి నా మనసు బుర్ర అక్కరలేని దాని మీద పడింది. దానికి మేం పెట్టుకున్న పేరు కిస్మత్ ఆట. ఇద్దరు ఆటగాళ్లు చెరో రెండు రాకాసులను దింపుతారు. తెర మీద ఉండేది ఒక్కటే బటన్. నొక్కితే మన రాకాసి ఏం చేస్తుందో మనకే తెలియదు. ఒకసారి నిప్పులు కక్కుతుంది, ఒకసారి వెళ్లి శత్రువుకే మందు రాస్తుంది, ఒకసారి యుద్ధం మధ్యలో గుర్రుపెట్టి నిద్రపోతుంది. అంతా యంత్రం ఇష్టం. నేర్చుకోవడానికి ఏమీ లేని ఈ ఆటలో నేను పండితుణ్ణయ్యాను. ప్రతి నెలా ఏ రాకాసిని ఎంతమంది వాడారో సైటు వాళ్లు ఒక పట్టిక పెట్టేవారు. పరీక్షల టైంటేబుల్ కూడా సరిగ్గా చూడని నేను, ఆ పట్టికను మాత్రం పెన్సిలు పట్టుకుని చదివేవాణ్ణి. ఏది పెరిగింది, ఏది తగ్గింది, ఎందుకు తగ్గింది అని సైటులోని చర్చల పేజీలో వ్యాసాలు రాసేవాణ్ణి. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో ఓ పది మంది వాటిని చదివి "అద్భుతం" అనేవారు. ఆ పది మంది కోసం నేను ఇంట్లో అన్నం చల్లారబెట్టుకునేవాణ్ణి.

అలాంటి నా నెత్తిన ఓ రోజు పిడుగు పడింది. కిస్మత్ ఆట ఆడేవాళ్లు బాగా తగ్గిపోయారట. ఈ నెల కూడా ఇలాగే ఉంటే మొదటి పేజీలోని జాబితా నుంచి తీసేస్తామని సైటువాళ్లు ప్రకటించారు. తీసేస్తే ఆట మాయమైపోదు, కానీ పేరు టైపు చేసి వెతికినవాడికే దొరుకుతుంది. ఎవడు వెతుకుతాడు? కంటికి కనబడని దుకాణానికి ఎవడొస్తాడు? క్లాసులో దోస్తులను బతిమాలితే ఒకపూట ఆడి, "ఏందిరా గిది, మనం చేసేదే లేదు" అని వదిలేశారు. అప్పుడు నాకు బాపు గుర్తొచ్చాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు కానీ, ఆ నెలలో బాపు నాకు అంతగా గుర్తొచ్చింది అప్పుడే.

వీడియో కాల్ చేసి, "బాపూ, నీ ఫోన్ల ఒక ఆట ఎక్కిస్త. డ్యూటీకెల్లి అచ్చినంక రోజు జర నొక్కాలె" అన్నాను.

"నాకెందుకు బిడ్డా ఆటలు? నడుము పడిపోతుంది గీడ" అన్నాడు బాపు.

అక్కడ ఆగిపోయి ఉంటే ఈ రోజు ఇది రాసే పని ఉండేది కాదు. నేను ఆగలేదు. "ఉత్త ఆట గాదు బాపు. నా నౌకరి ముచ్చట. ఎంత ఎక్కువ మంది నొక్కితే నాకు గంత జల్ది నౌకరి అస్తది" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! గొంతు కూడా సవరించుకోలేదు.

బాపు తువ్వాలతో మొహం తుడుచుకుని, "గట్లయితే రూంల ఉన్నోళ్లందరితోని నొక్కిపిస్త. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు.

బాపు గదిలో ఎనిమిది మంది ఉండేవారు. నెల గడిచింది. ఎనిమిది మంది నొక్కినా పదహారు మంది నొక్కినా సైటువాళ్లు కరగలేదు, ఆటను జాబితాలోంచి తీసేశారు. నేను రెండు రోజులు సంతాపం పాటించి, ఆడడం మానేసి, కేవలం పట్టికలు చదివే విశ్లేషకుణ్ణయ్యాను. ఇక నొక్కనక్కర్లేదని బాపుకు చెప్పాలని మాత్రం తట్టలేదు. "మంచిగ నడుస్తుందా బిడ్డా?" అని బాపు అడిగితే చదువు సంగతనుకుని "మస్తు నడుస్తుంది" అనేవాణ్ణి.

డిగ్రీ అయిన కొన్నాళ్లకు అవ్వ నా ఫోన్‌ను బియ్యం డ్రమ్ములో దాచింది. (ఇల్లంతా వెతికాను. అన్నం వండే అలవాటున్న వాడికైతే దొరికేది.) ఆ నలభై రోజుల్లో చదువు తప్ప వేరే పని లేక చదివి, పరీక్ష రాసి, కరీంనగర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ నౌకరి తెచ్చుకున్నాను. అవ్వ ఫోన్ నుంచి బాపుకు చెబితే వెనక నుంచి పెద్ద పెట్టున కేకలు, చప్పట్లు వినిపించాయి. నా తెలివికి కొడుతున్నారనుకుని మురిసిపోయాను.

ఫోన్ చేతికి రాగానే పట్టిక తెరిచాను. అందులో ఒక వింత. కిస్మత్ ఆటలో నల్ల రాకాసి అని ఒకటుంది. మెలితిరిగిన కొమ్ములు, బండ ఒళ్లు, నడవమంటే నిలబడుతుంది. దాన్ని ఎవరూ వాడరు. అలాంటిది ఇప్పుడు పట్టికలో అన్నిటికంటే పైన కూర్చుంది. చర్చల పేజీలో గగ్గోలు. ఎవరికీ కారణం తెలియదు. నేను మూడు రోజులు కూర్చుని "నల్ల రాకాసి పునర్జన్మ" అని పెద్ద వ్యాసం రాశాను. శుక్రవారం నాడు పందేలు మరీ ఎక్కువగా జరుగుతున్నాయని కనిపెట్టి, "వారం చివరికొచ్చేసరికి ఆటగాడి మనసు సాహసం వైపు కాకుండా స్థిరత్వం వైపు మొగ్గుతుంది" అని సిద్ధాంతం చేశాను. పది మందీ "అద్భుతం" అన్నారు. ఆ వ్యాసాన్ని ఇప్పటికీ పూర్తిగా చదవలేను, రెండో పేరాకే చెవులు వేడెక్కుతాయి.

ఆ ఎండాకాలం బాపు సెలవు మీద వచ్చాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వాకిట్లో మంచం మీద కూర్చుని, జేబులోంచి ఒక కాగితం ముక్క తీశాడు. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు పెద్దపెద్దగా రాసి ఉన్నాయి. వాటిని చూసుకుంటూ ఒక్కో అక్షరమే ఫోన్‌లో కొడుతున్నాడు.

"ఏం జేస్తున్నవ్ బాపు?"

"ఆగు బిడ్డా, గీ దినంది ఇంక నొక్కలే." తెర మీద నల్ల రాకాసి కొమ్ములు ఊపుతూ దిగింది. "ముందుగాల గిది కనబడుతుండె. తర్వాత కనబడకుంట పోయింది. మా రూంల ఒకాయన పేరు రాసుకొని పెట్టిండు, గది కొడితే అస్తది."

"గీ నల్లదాన్నే ఎందుకు పెట్టినవ్?"

"అచ్చం మన బర్రె లెక్క లేదూ? నీ పరీక్ష యాల్లకెల్లి అందరం గిదే పెడ్తం. ఇంటి యాదికస్తది." బాపు నవ్వాడు. "గని, ఎప్పుడు నొక్కినా పక్క మంచం మీదోడే తగుల్తడు బిడ్డా. బయటోడు ఒక్కడు దొరుకడు. శుక్రవారం అందరికి సుట్టి గద, గా దినం పొద్దందాక గదే పని."

పునర్జన్మ, సాహసం, స్థిరత్వం! దేశదేశాల పండితులు తలలు బద్దలు కొట్టుకున్న రహస్యం మా వాకిట్లో లుంగీ కట్టుకుని కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియక, "నాకు నౌకరి అచ్చింది గద బాపు, ఇంకెందుకు?" అన్నాను.

"అచ్చినంక బందు జేస్తే బాగుంటదా? అయినా ఇప్పుడు నీకోసం గాదు. మా రూంల ఇచ్చోడ ఊరాయన ఉన్నడు గద, ఆయన కొడుకు డిగ్రీ చేసి రెండేండ్ల సంది ఖాళీగున్నడు. నీకు అచ్చింది జూసి, ఇప్పుడు వాని కోసం నొక్కుతున్నం. ఆయనైతే అన్నం తినే సుట్టిల గూడ నొక్కుతడు."

బాపును మోసం చేశానంటే సరే, ఇంటి మనిషి. ఒక ముక్కూమొహం తెలియని మనిషి, ఎండలో సిమెంటు మోసి వచ్చి, అన్నం పక్కన పెట్టి, నా అబద్ధాన్ని నొక్కుతున్నాడు. మంచం అంచు పట్టుకుని అంతా చెప్పేశాను. నౌకరికీ దానికీ సంబంధం లేదని, అది ఉత్త ఆటని, ఆట మొదటి పేజీలో ఉండాలని బాపుకు అబద్ధం చెప్పానని.

బాపు ఫోన్ బోర్లా పెట్టాడు. "ఇరువై ఏండ్ల సంది బయట దేశంల బతుకుతున్న. గంతమందిల ఎవ్వడు నన్ను గింత ఎడ్డోన్ని చెయ్యలే" అన్నాడు. మళ్లీ తనే, "నా సంగతి ఇడిచిపెట్టు. గా ఇచ్చోడాయనకు ఎవలు జెప్తరు? నేనైతే జెప్ప. నువ్వే జెప్పు" అని ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు.

తెర మీద నెరిసిన మీసాల మనిషి. వెనక మిగతావాళ్లు. "అరే, మన నౌకరి పోరడు!" అని అందరూ ఒకేసారి. ఆ మాట నా చెంప మీద కొట్టినట్టయింది. "కాకా, నన్ను మాఫ్ చెయ్యాలె" అని మొదలుపెట్టి, బాపుకు చెప్పిందంతా మళ్లీ చెప్పాను. వెనక ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తెరలోంచి పక్కకు తప్పుకున్నారు. కాకా ఒక్కడే మిగిలాడు.

"మరి నీకు నౌకరి ఎట్లచ్చింది?" అన్నాడు.

"సదివిన కాకా. నలువై దినాలు."

"గంతేనా." అన్నాడు కాకా. "నాకు సదువు రాదు బిడ్డా. పైసలు పంపుడు తప్ప వానికి నేను చేసేది ఏమున్నది? గిది నొక్కుతుంటే, గీడికెల్లి నేను గూడ నా కొడుకు కోసం ఒక పని చేస్తున్న అనిపించేది. ఇగ ఇప్పుడు ఏం చెయ్యాలె?"

"నేను మీ ఇంటికి పోత కాకా. మీ పోరన్ని నేను సదివిపిస్త" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆ ఆదివారమే బయల్దేరాను. నిర్మల్‌లో బస్సు మారి, కిటికీ పక్కన కూర్చుని, ఇచ్చోడ పోరడికి ఏం చెప్పాలో కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. నల్ల రాకాసి మీద అంత వ్యాసం రాసిన వాడు, ఘాట్ రోడ్డు దాటేలోపు నాలుగు మాటలు రాయలేకపోయాడు. మొదట సలహాలు రాశాడు, కొట్టేశాడు. తన కష్టం గురించి రాశాడు, అదీ కొట్టేశాడు. ఒళ్లో పుస్తకాల సంచి పెట్టుకుని, పెన్ను నోట్లో పెట్టుకుని, చెమటలు కక్కుతున్న ఆ నౌకరి పోరణ్ణి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, పాపమనీ అనిపిస్తుంది. ఇచ్చోడలో దిగేసరికి కాగితం మీద "తమ్ముడూ, మీ బాపుకు నేను అబద్ధం చెప్పిన" అన్న ఒక్క వాక్యమే కొట్టివేత లేకుండా మిగిలింది. దాన్నే పట్టుకుని వాళ్ల ఇల్లెక్కడో అడుగుతూ నడిచాను.