మాస్టారి నిద్రకి నేను పెట్టిన హద్దు

కోవిడ్ సద్దుమణిగిన రెండో ఏడు, రిటైర్మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలున్నాయనగా, ఆరోగ్య పర్యవేక్షకురాలినైన నన్ను రాజోలు దగ్గర ఒక ఊరికి డిప్యుటేషన్ మీద వేశారు. ఒక పరిశోధన బృందానికి సాయపడాలి. అరవై దాటినవాళ్లు ఎంతసేపు నిద్రపోతున్నారో రాసుకోవాలి, జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టాలి, నెత్తురు తీసి పంపాలి. అల్జీమర్స్ మతిమరుపు బయటపడడానికి చాలా ఏళ్ల ముందే మెదడులో కొన్ని ప్రోటీన్లు పేరుకుంటాయట. వాటి జాడ నెత్తురులో దొరుకుతుంది. ఆ జాడకీ నిద్ర నిడివికీ ఉన్న సంబంధం తేల్చడం వాళ్ల పని.

శిక్షణలో ఆ బృందం డాక్టరు గారు చెప్పింది ఇదీ: నిద్ర మరీ తక్కువైనవాళ్లలోనూ మరీ ఎక్కువైనవాళ్లలోనూ ఆ జాడలు ఎక్కువగా కనిపించిన సందర్భాలున్నాయి. అయితే నిద్ర వల్ల జబ్బు వస్తోందో, జబ్బు మొదలై నిద్రని మారుస్తోందో ఇంకా తేలలేదు. ఈ రెండో ముక్క నాకు నచ్చలేదు. తేలని సంగతి చెబితే జనం ఎందుకు వింటారు? అందుకని ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ ఊరి చర్చిలో మైకు పుచ్చుకుని, ఏడు గంటలకి తగ్గినా పెరిగినా మెదడుకి ముప్పేనని తేల్చేశాను. చప్పట్లు కొట్టారు. నేనూ పొంగిపోయాను.

ప్రసాదరావు గారు రిటైరైన లెక్కల మాస్టారు. రోజుకి తొమ్మిది గంటల నిద్ర, మధ్యాహ్నం కునుకు అదనం. ఆ ఆదివారానికి ముందు రోజు పెట్టిన మొదటి పరీక్షలో నేను చదివిన పది మాటల్లో తొమ్మిది అప్పజెప్పి, పదోది నేనే సరిగ్గా పలకలేదన్నారు. ఆరు వారాల తర్వాత రెండో పరీక్షలో మూడే చెప్పారు. నాలుగోదాని కోసం కళ్లు మూసుకుని, గురక పెట్టారు.

అంత తేడా వస్తే ఫారంలో 'జ్ఞాపకశక్తి క్షీణత' అని రాసి పెద్దాసుపత్రికి పంపాలి. నేను కలం తీసేసరికి ఆయన భార్య సుగుణమ్మ గారు ఏడుపందుకున్నారు.

"ఆయ్, మీరు చెప్పినట్టే సరిగ్గా ఏడు గంటలే పడుకోనిస్తున్నానండి. అలారం మోగగానే లేపేస్తున్నానండి. మధ్యాహ్నం కునుకు తీస్తారని పడక్కుర్చీ కూడా అటకెక్కించేసేనండి. అయినా ఎందుకిలా అయిపోయేరండీ?"

నాకు తల కొట్టేసినట్టయింది. వాకబు చేస్తే చాలా ఇళ్లలో ఇదే తంతు. కోడళ్లు వంతులేసుకుని మామగార్లని లేపుతున్నారు. అయిదు గంటలు నిద్రపోయి లేచే ఒక పెద్దావిణ్ణి మరో రెండు గంటలు మంచం దిగనివ్వడం లేదు.

జరిగింది డాక్టరు గారికి చెప్పాను. భార్య నిద్ర లేపిందని రాయడానికి ఫారంలో గడి లేదన్నారాయన. అయినా ఫలితాన్ని ఆపించారు. మాస్టారు పది రోజులు కంటినిండా నిద్రపోయాక మళ్లీ పరీక్ష పెడితే ఎనిమిది చెప్పారు. సుగుణమ్మ గారు నాకు దణ్ణాలు పెడుతుంటే ఎటు చూడాలో తెలియలేదు.

తర్వాతి ఆదివారం అదే చర్చిలో నిలబడి, నిద్రకీ ఆ జబ్బుకీ ఏది ముందో ఇంకా ఎవరికీ తెలియదని, ఎవరినీ నిద్ర లేపొద్దని చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. సంఘపెద్ద ఒకాయన లేచి ఎంతో మర్యాదగా అడిగారు:

"తెలీదని చెప్పడానికి జీపేసుకుని వచ్చేరాండీ?"

అవునన్నాను. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో జనం ముందు తెలీదన్న మాట అనడం నాకదే మొదటిసారి. మొదటి ఆదివారమే అని ఉంటే మాస్టారికి ఆరు వారాల నిద్ర దక్కేది.