పడిశం పట్టినవాడి పోపు

నేను పెట్టిన ఒక్క పోపుకి కొండల మధ్య ఉన్న క్యాంప్‌గ్రౌండ్ మొత్తం తలుపులు బిగించుకుంది. బళ్లన్నీ హారన్లు మోగించాయి. రేంజరమ్మ పరుగెత్తుకొచ్చింది. నా కాపురం నిలిచిందంటే, వేలెడంత లేని ఒక ప్లాస్టిక్ ముక్క అడ్డుపడబట్టే. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నేను నిజంగా భయపడిన చోటొకటి ఉంది, అక్కడ నవ్వితే మాత్రం నాకు కోపం వస్తుంది.

అప్పటికి మాకు పెళ్లయి రెండేళ్లు. ఉండేది ప్లేనో అనే బల్లపరుపు ఊళ్లో. అక్కడ చుట్టుపక్కల ఎత్తుగా ఉండేది ఫ్లైఓవర్ ఒక్కటే. మా ఆవిడ మాధవికి కొండలంటే ప్రాణం, నాకేమో ప్రాణమంటే ప్రాణం. గెలిచింది ఎవరో చెప్పక్కర్లేదు. డెన్వర్ దాకా ఫ్లైట్‌లో వెళ్లి, అక్కడ ఒక ఆర్వీ అద్దెకు తీసుకుని, వరసగా నేషనల్ పార్కులు చూసుకుంటూ వయోమింగ్ వైపు బయల్దేరాం. ఆర్వీ అంటే వంటిల్లు, పడకగది, బాత్రూమ్ అన్నీ ఉన్న బస్సులాంటి బండి. దాన్ని లోయ అంచున నడపాల్సింది నేను.

"కాస్త స్పీడ్ పెంచండి. వెనక పెళ్లి ఊరేగింపులా కార్లు వస్తున్నాయి," అంది మాధవి.

"రానీ. నేను లోయ వైపు చూడకుండా నడపాలా, వద్దా?"

"రోడ్డు వైపైనా చూస్తున్నారా?"

నిజం చెప్పాలంటే, నేను అద్దంలో ఎలుగుబంటి కోసం చూస్తున్నాను. పార్కు గేటు దగ్గర ఇచ్చిన కాగితం నిండా ఎలుగుబంట్ల గురించే ఉంది. అది చదవగానే షాపులోకి వెళ్లి బేర్ స్ప్రే డబ్బా కొన్నాను. ఎలుగుబంటి మీదికొస్తే దాని మొహాన కొట్టాలట. లోపలున్నది మిరపకాయల ఘాటేనని డబ్బా మీద రాసుంది. గుంటూరువాడికి మిరపకాయలు అమ్ముతున్నారా అని ముచ్చటపడి, బెల్టుకి తగిలించుకున్నాను. బాత్రూమ్‌కి వెళ్లినా అది నాతోనే.

"రాత్రి దిండు కింద పెట్టుకుంటారా, జోల పాడి పడుకోబెడతారా?" అని మాధవి వెక్కిరించింది.

రెండోరోజు ఒక మంచు చెరువు దగ్గర ఆగాం. "కాళ్లు పెట్టి చూడండి, స్వర్గంలా ఉంది," అంది మాధవి. పెట్టాను. స్వర్గం తెలియలేదు కానీ సాయంత్రానికి పడిశం పట్టి ముక్కు రెండువైపులా మూసుకుపోయింది. ఆ ముక్కుతోనే, రాత్రికి బళ్లు ఆపుకునే క్యాంప్‌గ్రౌండ్‌కి చేరుకున్నాం. పక్క బండిలో డేల్ అని తెల్లగడ్డం పెద్దాయన. బయట మడతకుర్చీలో కూర్చుని చెయ్యి ఊపాడు.

మాధవి పప్పు ఉడికించి పెట్టింది. బయట చలిగా ఉందని నా జాకెట్ తొడుక్కుని, రెండు నీళ్ల క్యాన్లు చేతపట్టుకుంది.

"నేను కుళాయి దగ్గరకెళ్లి నీళ్లు తెస్తాను. మీరు పప్పులో ఉప్పు వేసి, కాస్త పోపు పెట్టండి. పెట్టగలరా?"

"పోపు పెట్టడం కూడా రాదనుకున్నావా?"

పొయ్యి పైనున్న ఫ్యాన్ వేశాను. నూనె కాగింది. ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిరపకాయలు మూడు తుంచి వేశాను. పోపు అయిందో లేదో చెప్పాల్సింది ముక్కే కదా! ఘాటు తగలగానే దించెయ్యాలి. నాకేమో ఏమీ తగల్లేదు. ఇక్కడి మిరపకాయల్లో పస లేదనుకుని ఇంకో నాలుగు వేశాను. ముక్కు ఇంకా సెలవులోనే ఉంది. నాకు పౌరుషం వచ్చింది. ఒక గుప్పెడు వేశాను. మిరపకాయలు ఎర్రబడ్డాయి, నల్లబడ్డాయి, పొగలు కక్కాయి. ఫ్యాన్ ఆ పొగంతా లాగి, ఒక్క పోగు కూడా వృథా చెయ్యకుండా డేల్ కుర్చీ మీదికి వదిలింది.

బయట ఎవరో దగ్గారు. తర్వాత ఇద్దరు దగ్గారు. కాసేపటికి క్యాంప్‌గ్రౌండ్ అంతా దగ్గింది. ఆ దగ్గుల మధ్య డేల్ గొంతు వినబడింది.

"బేర్ స్ప్రే! ఎవరో బేర్ స్ప్రే కొట్టారు! ఎలుగుబంటి వచ్చింది, అందరూ లోపలికి పొండి!"

తలుపులు ధడేల్ ధడేల్‌మని పడ్డాయి. ఎలుగుబంటిని బెదరగొట్టడానికి హారన్లు మొదలయ్యాయి. నేను పొయ్యి కట్టేసి, గొళ్లెం బిగించి, కర్టెన్లు లాగి, బల్ల కిందికి దూరాను. అనుకున్నంతా అయింది, నేను ముందే చెప్పాను, వింటేనా అని మాధవిని తిట్టుకోబోయి ఆగిపోయాను.

మాధవి బయట ఉంది.

ఇదే ఆ చోటు. నవ్వకండి. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. కుళాయి చెట్ల అవతల ఉంది. తను రెండు చేతుల్లో క్యాన్లు పట్టుకుని, ఏమీ తెలియక అటునుంచి నడిచి వస్తూ ఉంటుంది. కిటికీ సందులోంచి అరిచాను.

"డేల్! నా భార్య బయట ఉంది!"

"నువ్వు రాకు బాబూ! రేంజర్ వస్తుంది!"

రేంజర్ వచ్చేలోపు జరగకూడనిది జరిగితే? బల్ల కింద నుంచి ఎలా లేచానో నాకే తెలియదు. ఒక చేత్తో కుక్కర్ మూత, ఇంకో చేత్తో స్ప్రే డబ్బా పట్టుకుని బయట కాలు పెట్టాను. గాలి మొహానికి తగలగానే కళ్లు భగ్గుమన్నాయి. ధారగా నీళ్లు. ఆ నీళ్లలోంచి చూస్తే, చెట్ల మధ్య నుంచి వస్తోంది అది. గోధుమరంగు. ఒళ్లంతా బొచ్చు. గుండ్రటి తల. వంగి, అటూ ఇటూ ఊగుతూ, రెండు కాళ్ల మీద తిన్నగా నా మీదికే!

డబ్బా గురిపెట్టి నొక్కాను. ఏమీ రాలేదు. బలమంతా పెట్టి మళ్లీ నొక్కాను. రాలేదు. అది నోరు తెరిచింది.

"ఏవండీ!" అంది.

ఎలుగుబంటి తెలుగు మాట్లాడింది. అందులోనూ గౌరవంగా.

"ఏవండీ, మూతేంటి, ఆ డబ్బా ఏంటి? అసలు ఎన్ని మిరపకాయలు తగలేశారు?"

"మాధవీ! పరుగెత్తు! ఎలుగుబంటి!"

"ఎలుగుబంటీ లేదు, గాడిదగుడ్డూ లేదు. కుళాయి దాకా కొట్టింది ఘాటు. మాడిన పోపు వాసన నాకు తెలీదా?"

తలమీదికి బొచ్చు టోపీ లాక్కున్న నా గోధుమరంగు బొచ్చు జాకెట్‌తో సహా మాధవిని కావలించుకుని ఏడ్చాను. ఆ కన్నీళ్లు మిరపకాయల వల్లనే వచ్చాయని అందరికీ చెప్పాను. అన్నీ వాటివి కావు.

మాధవి నా చేతిలోంచి డబ్బా తీసుకుని, నొక్కే మీట దగ్గరున్న నారింజరంగు ప్లాస్టిక్ ముక్క చూపించింది. "ముందు ఇది తియ్యాలండీ. తియ్యకపోతే రాదు." అంతలో ఏదో తట్టినట్టు ఆగింది. "ఇంతకీ ఎవరి మీద కొట్టబోయారు?"

"ఎలుగుబంటి మీద."

"అప్పుడు అక్కడున్నది ఎవరు?"

అదృష్టం బాగుండి రేంజరమ్మ అప్పుడే వచ్చింది. "స్ప్రే కొట్టింది ఎవరు?" అని అడిగింది. మాధవి లోపలికి తీసుకెళ్లి పోపు గిన్నె చూపించింది. రేంజరమ్మ వంగి వాసన చూసి, చాలాసేపు తుమ్మి తేరుకుంది.

"ఇది జంతువులను తరమడానికి వాడతారా?"

"లేదండీ, పప్పులో వేసుకుని తింటాం," అన్నాను.

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇక ఏ ఎలుగుబంటీ మీ జోలికి రాదు," అనేసి వెళ్లిపోయింది.

నల్లటి మిరపకాయలు ఏరి పారేసి, ఆ పోపే పప్పులో వేసి అన్నానికి కూర్చున్నాం. మాధవి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంత గండం గడిచాక మంచిమాట వింటానని ఆశపడ్డాను.

"ఉప్పు వెయ్యలేదు," అంది.

ఇప్పటికీ నేను పొయ్యి దగ్గరికెళ్తే మాధవి ఇంగువ డబ్బా తెచ్చి నా ముక్కు కింద పెడుతుంది. కళ్లు మూసుకుని అదేమిటో చెబితేనే గరిట చేతికిస్తుంది. ఆరోజు రానేరాని ఎలుగుబంటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పడిశం ఉండగా పోపు జోలికి వెళ్లను. అడవిలో బొచ్చుతో ఏది ఎదురొచ్చినా, "మాధవీ, నువ్వేనా?" అని అడగకుండా డబ్బా ఎత్తను. అది గుర్రుమన్నా సరే, ఇంకోసారి అడుగుతాను. ఎందుకంటే ఉప్పు లేని పప్పు తిన్న ఆ సాయంత్రం, మాధవి అచ్చం అలాగే గుర్రుమంది.