బొట్టు పెట్టిన గాజుపట్టీలు

2014 జూన్ రెండున నేను కామాఠీపురలో వానలకు ముందు చేసే తనిఖీలో ఉన్నాను. ముంబైలో పాత భవనాల మరమ్మతులు చూసే శాఖలో డిప్యూటీ ఇంజినీరుని. చరిత్ర పట్టికల్లో ఆ తేదీకి ఎదురుగా తెలంగాణ ఏర్పాటు అని ఉంటుంది. నాకు మాత్రం ఫోరస్ రోడ్ పక్కనున్న ఒక చాల్, అంటే వరండా పొడవునా ఇరుకు గదులుండే పాత మేడ, గుర్తొస్తుంది.

గోడలో పగులు కదులుతోందో లేదో తెలియడానికి దానికి అడ్డంగా గాజుపట్టీ అతికిస్తాం. గోడ జరిగితే గాజు పగులుతుంది. అంతకుముందు అతికించిన పట్టీలను చూడబోతే అన్నింటికీ పసుపు, కుంకుమ బొట్లు! అక్కడ తరాలుగా ఉంటున్న తెలంగాణ వాళ్ళు, కొత్త రాష్ట్రం వచ్చిన రోజని గడపలతో పాటు వాటికీ పెట్టేశారు. సర్కారు సామానుకు అంత మర్యాద నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు. నవ్వొచ్చింది.

చాల్‌లోని వాళ్ళంతా కింద సందులో, పాలమూరు కూలీల డప్పుల దగ్గర ఉన్నారు. పై అంతస్తు వరండాలో నేనొక్కడినే నడుస్తున్నాను. గాలి లేదు. అయినా ఒక తలుపు దానంతట అదే మెల్లగా తెరుచుకుంది. కాసేపటికి దాని పక్క తలుపూ తెరుచుకుంది. చివరి గది ముందు పట్టీ పగిలి ఉంది. బొట్టు రెండు ముక్కలై, సగానికి సగం అతకడం లేదు.

ఆ గదిలో లక్ష్మమ్మ అనే ముసలామె ఒక్కతే కూర్చుని ఉంది. అడిగితే, బొట్టు పొద్దున తనే పెట్టానని, అప్పుడు గాజు బాగానే ఉందని చెప్పింది. అంటే గోడ ఆ పూటే జరిగింది. వెంటనే డప్పులు ఆపించి, ఎవరినీ పైకి రానివ్వొద్దని కిందికి కేకేశాను. లక్ష్మమ్మ మాత్రం కదల్లేదు. వాళ్ళ తాత ఇటుకలు మోసి కట్టిన ఇల్లు తననేమీ చేయదంది.

“ఈ ఖోలీ ఇడిస్తె మల్ల నాదైతదా సారూ?” అని గదిని చూపిస్తూ అడిగింది.

తెలియదన్నాను. ఆమె బయటికొచ్చి పగిలిన బొట్టు మీద వేలు పెట్టింది. వేలి కిందే గాజు టిక్కుమంది.

“లోపల్నుంచి ఎవలో నూకుతున్నరు,” అంది నెమ్మదిగా.

తాళం వేయబోతే తలుపు చట్రంలో పట్టలేదు. దాన్ని అలాగే వదిలి నాతో దిగింది.

సందులో అందరం తలలెత్తి నిలబడ్డాం. మనిషి లేని ఆ మేడలో తలుపులు ఒకటొకటిగా కొట్టుకోవడం వినిపించింది. పొద్దు వాలేలోపు ఆ వరండా కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

లక్ష్మమ్మకు ఆ ఖోలీ మళ్ళీ దక్కలేదు. ఊరి చివర శాఖ ఇచ్చిన తాత్కాలిక గదిలోనే పోయింది. గోడ గురించి నేను చెప్పింది నిజమైంది, ఖోలీ గురించి ఆమె భయపడిందీ నిజమైంది. ఆ తర్వాత ఎన్నో చాల్‌లు ఖాళీ చేయించాను. మళ్ళీ వస్తారులెండి అని మాత్రం ఎవరితోనూ అనలేదు.