చిమ్నీ కింద ఏడు ఎండుమిరపకాయలు

పరాయి దేశంలో పెద్ద హాలు నిండా ఉన్న జనాన్ని ఒకేసారి ఏడిపించిన ఆడమనిషి జూలూరుపాడు మండలం మొత్తంలో నేనొక్కదాన్నే. ఇంతటి ఘనకార్యానికి నాకు పట్టింది ఏడు ఎండుమిరపకాయలు, గుప్పెడు ఉప్పు. ఎలాగో చెబుతాను. మీరు ఎంతైనా నవ్వుకోండి గానీ, మా రాజమ్మ వదినె ముందు మాత్రం నవ్వకండి. ఈ సంగతి ఎత్తితే ఆమెకు ఇప్పటికీ దగ్గు తెర వస్తుంది.

కొన్నేళ్ల క్రితం మా ఊరి మిర్చి రైతు ఆడవాళ్ల సంఘానికి దుబాయ్‌లో జరిగే అంతర్జాతీయ ఆహార ఎగ్జిబిషన్‌లో ఒక స్టాలు దొరికింది. సంఘానికి అధ్యక్షురాలు రాజమ్మ వదినె. నాలుగు ఇంగ్లిష్ ముక్కలు వచ్చిన కార్యదర్శిని నేను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో నా మాట మా కోడిపుంజు కూడా వినదు, అయినా విమానమెక్కి ఏకంగా రచ్చకే బయల్దేరాను. ఆ ఏడాది ఊరి కాయంతా కోల్డ్ స్టోరేజీలో ఉంది. ఒక్క పెద్ద కొనుగోలుదారు ‘సరే’ అంటే చాలు, ధర కోసం ఖమ్మం మార్కెట్‌లో బస్తాల మీద పడుకుని పడిగాపులు కాసే బాధ మా వాళ్లకు తప్పుతుంది.

ఇక జనం సంగతి అడగకండి. సీతారాముల కల్యాణం నాడు భద్రాచలంలో కూడా మోచెయ్యి కదిపేంత చోటు ఉంటుంది. ఆ దుబాయ్ హాల్లో అదీ లేదు. మేం స్టాలు నిండా ఎర్రటి మిరపకాయల దండలు వేలాడదీశాం. వచ్చినవాళ్లు వచ్చినట్టు వాటి కింద నిలబడి ఫొటోలు దిగారు. మధ్యాహ్నానికి వదినె వరసపెట్టి ఆవులించడం మొదలుపెట్టింది.

“ఏంది వదినే, గట్ల ఆవులిస్తున్నవ్?”

“ఏమోనే సరితా, కండ్లు గుంజుతున్నయ్. తల దిమ్ముగున్నది. పొద్దుగాల్నించి ఎంతమంది చూసిండ్రో!”

రాత్రంతా విమానంలో నిద్ర లేకపోతే ఎవరైనా ఆవులిస్తారు. ఈ జ్ఞానం నాకు ఇప్పుడుంది. అప్పుడు నా బుర్రకు తట్టింది ఒక్కటే: దిష్టి!

సరిగ్గా అప్పుడే ఒక దొర వచ్చాడు. యూరప్‌లో ఏదో మసాలాల కంపెనీ అట. మా దండలను మురిపెంగా నిమిరి, “రంగు బాగుంది. ఘాటు మాత్రం ఉండకూడదు. మావాళ్లు తట్టుకోలేరు” అన్నాడు. నేను వదినెకు చెప్పాను.

మా కాయ తరిగిన చేత్తో కన్ను నలుపుకుంటే మూడు రోజులు కంటికి మనుషులు ఆనరు. వదినె మాత్రం రెప్ప వేయలేదు.

“ఘాటా? మా కాయకా? పాలు తాగే పిల్లలు చప్పరిస్తరని చెప్పు!”

చెప్పాను. దొర ముఖం వెలిగిపోయింది. ఒప్పందం రాసుకుందామని వదినెను ఎదురు వరస వెనకున్న మీటింగ్ గదిలోకి తీసుకెళ్లాడు. అక్కడ హిందీ చెప్పే మనిషి ఉన్నాడు, వదినెకు హిందీ దంచి కొట్టడం వచ్చు. నేను స్టాల్లో ఒక్కదాన్నే మిగిలాను. చేతిదాకా వచ్చిన సంతకానికి ఈ దిష్టి అడ్డం పడకముందే తీసేయాలని దండలోంచి ఏడు కాయలు తెంపాను.

మా ఎదురు స్టాలు వంటింటి చిమ్నీలది. అమ్మేది సలీం భాయ్, కొత్తగూడెం మనిషి, దుబాయ్‌లోనే మీసాలు నెరిసినవాడు.

“సలీం భాయ్, మీ చిమ్నీ నిజంగ పొగ గుంజుతదా?”

“ఏం మాటక్కా! ఏనుగును నిలబెడితే తొండంతో సహా గుంజుతది.”

“ఏడు మిరపకాయలు మాడ్చుకుంట. జల్దీ అయిపోతది.”

“మాడ్చుకోర్రి, ఫికర్ ఎందుకు? నాకు గూడ డెమో అయితది!”

ఇంకేం! గుప్పెట్లో మిరపకాయలు, ఉప్పు పట్టుకుని స్టాలు చుట్టూ మూడుసార్లు తిప్పాను. “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, చైనా దిష్టి, జపాన్ దిష్టి, మూల మీది ఐస్‌క్రీం స్టాలు దిష్టి...” చూస్తున్నవాళ్లు ఇదేదో సాంస్కృతిక కార్యక్రమం అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో తూ తూ తూ అని, అన్నీ సలీం భాయ్ చిమ్నీ కింద స్టవ్ మీదున్న పెనంలో పడేశాను.

నిజం చెప్పాలి, చిమ్నీ గొప్ప చిమ్నీ. నూలుపోగంత పొగ కూడా బయటికి వదల్లేదు. సలీం భాయ్ మీసం దువ్వుకున్నాడు. నాకే ఎందుకో చిన్న అనుమానం వచ్చింది.

“భాయ్, గుంజిన పొగ ఎటు పోతది?”

“వెనక పైపులకు.”

“పైపు ఎటు పోతది?”

“తెర వెనకకు.”

“తెర వెనక ఏమున్నది?”

సలీం భాయ్ చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. “మీటింగ్ రూమక్కా...”

ముందు ఒక విదేశీ దగ్గు వినిపించింది. వెంటనే అచ్చమైన జూలూరుపాడు దగ్గు. ఎవరో తలుపు తెరిచారు, పొగంతా హాల్లోకి వచ్చేసింది. అలారం మోగింది. ఐస్‌క్రీం వాడు ఐస్‌క్రీం వదిలేసి, జపాన్ వాళ్లు చెప్పులు వదిలేసి పరుగు తీశారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. హాలంతా నిప్పు కోసం వెతికిన ఫైర్ వాళ్లకు చివరికి దొరికింది నల్లగా మాడిన ఏడు కాయలు, పక్కన నేను.

“ఏమిటిది?”

“ప్రేయర్ సార్.”

అందరినీ బయట కార్లు నిలిపే మైదానంలోకి తోలారు. దొర కళ్లు మా దండలకంటే ఎర్రగా ఉన్నాయి. వదినె దగ్గరికి వచ్చి, సలీం భాయ్ చేత ఒకే ఒక్క మాట అడిగించాడు. “పాలు తాగే పిల్లలు చప్పరించేది ఇదేనా?” తర్వాత మర్యాదగా తల వంచి వెళ్లిపోయాడు.

ఆ ఏడాది మా కాయ ఖమ్మం మార్కెట్‌కే పోయింది. మా వాళ్లు ఎప్పటిలాగే బస్తాల మీద పడుకున్నారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గే. ఆ మైదానంలో నేను వెక్కి వెక్కి ఏడ్చింది మాత్రం పొగకు కాదు.

“అంతా దిష్టే వదినే. చూసినవా, ఎంత గట్టిగ తగిలిందో!” అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

వదినె కొంగుతో కళ్లు ఒత్తుకుని నావైపు తిరిగింది. “దిష్టి ఉంటే మిరపకాయలు మాడినా ఘాటు రాదే, మొద్దుదానా! దేశమంత దగ్గిందంటే మనకసలు దిష్టే లేదన్నట్టు. లేని దిష్టి తీయనీకి ఉన్న బేరం మాడ్చినవ్ గదనే!”

అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను. ఏ దేశంలోనైనా సరే, ఎవరి కళ్లు పడినా సరే, ఈ జన్మలో మిరపకాయలతో దిష్టి తీయను. మరీ తప్పకపోతే నిమ్మకాయ తిప్పుతాను. దాన్ని మాడ్చే పని ఉండదు.