పురుగులకు వాడే మాట

నిన్న సాయంత్రం వాన వెలిశాక బెంజ్ సర్కిల్లో ఓ దుకాణం లైటు చుట్టూ ఉసిళ్లు ముసిరాయి. ఆ రెక్కల వాసనకి, చిన్నప్పుడు నాన్నగారు నేర్పిన ఇంగ్లీషు మాటొకటి గుర్తొచ్చింది. పుల్యులేట్.

నాన్నగారు ఇంగ్లీషు మాస్టారు. బడి నుంచి స్కూటరు మీద తీసుకొస్తూ రోజుకో కొత్త మాట చెప్పేవారు. ఇల్లు చేరేలోగా నేను దాంతో ఒక వాక్యం చెప్పాలి.

"పుట్ట పగిలి చీమలొచ్చినట్టు ముసిరిపోవడం రా. పురుగులకి వాడాలి. మనుషులకి వాడితే తిట్టినట్టే," అన్నారు ఆ రోజు.

అంతలో రోడ్డుకి అడ్డంగా జనం. గొలుసు తెంపిన దొంగ దొరికాడట. మధ్యలో ఒకడు కిందపడి, "నేను కాదండీ, అయ్యా, నేను కాదండీ!" అని అరుస్తున్నాడు. షాపుల్లోంచి, ఆగిన బస్సుల్లోంచి ఇంకా జనం వచ్చిపడుతూనే ఉన్నారు. నాన్నగారు స్కూటరుకి స్టాండేసి గుంపులోకి దూసుకెళ్లారు. వాణ్ణి కాపాడటానికే అనుకుని పొంగిపోయాను. వంగి, అందరి కాళ్ల మధ్యనుంచి చూశాను. నాన్నగారి చెప్పు ఆయన చేతిలో ఉంది. అది లేచింది, పడింది, మళ్లీ లేచింది. వాడి పళ్ల నిండా రక్తం. కాసేపటికి అరుపు ఆగిపోయింది.

ఆయన తిరిగొచ్చి, తెగిన చెప్పులోనే కాలు దూర్చి, స్కూటరుకి కిక్కు కొట్టారు. చొక్కా చేతి మీద ఎర్రటి చుక్కలు.

"ఏదీ, వాక్యం చెప్పు."

"ఉసిళ్లు లైటు చుట్టూ పుల్యులేట్ అవుతాయి నాన్నగారూ."

"వెరీ గుడ్."

అంతకన్నా సరైన వాక్యం ఒకటి నా నోటిదాకా వచ్చింది. అందులో నాన్నగారున్నారు. ఇన్నేళ్లయినా పైకి అనలేదు.